2020 టెన్త్ పరీక్షలు: వాయిదా వేసింది ఎవరు, రద్దు చేసింది ఎవరు?

మలక్‌పేట_నాన్న

మొన్న మా బావమరిదితో పెద్ద వాదన అయింది. 2020లో మన తెలంగాణలో టెన్త్ పరీక్షలు హైకోర్టే రద్దు చేసిందని వాడు, కాదు సర్కారు చేసిందని నేను. మా పెద్దమ్మాయి ఆ బ్యాచే. మూడు పేపర్లు రాసింది, మిగతావి రాయకుండానే పాసైపోయింది. ఇప్పుడు చిన్నోడు టెన్త్‌కొచ్చాడు, ఇంట్లో మళ్లీ అదే టెన్షన్, ఆ మాటల్లోనే పాత ముచ్చట లేచింది. వాట్సాప్‌లో తిరిగేవన్నీ సగం సగం సంగతులు. కోర్టు అసలు ఏమన్నది, ఏ తేదీన ఏమైంది, తెలిసినవాళ్లు వరసగా చెప్పండి.

ఇంకో డౌటు. పరీక్ష పెట్టొద్దని అన్ని కేసులు పడ్డాయి కదా, పరీక్ష లేకుండా ఇచ్చిన గ్రేడ్ల మీద ఆ స్థాయిలో గొడవ ఎందుకు కాలేదు?

సైబర్_సుబ్బడు

కోర్టుకెళ్లి ఏమని అడుగుతారన్నా, "మా పిల్లకు పదికి పది ఇచ్చారు, దయచేసి తగ్గించండి" అనా?

నల్లకోటు

మీ బావమరిది మాట తప్పే, కానీ మీ మాటతో కూడా కథ పూర్తి కాదు. వరసగా చెప్తాను, కాస్త పొడవుంటుంది.

2020 మార్చి 19, గురువారం పరీక్షలు మొదలయ్యాయి. రాష్ట్రం మొత్తం 5.34 లక్షల మంది, 2,530 సెంటర్లు, 11 పేపర్లు. అప్పటికే బడులు మూసేశారు, సినిమా హాళ్లు మూసేశారు, పరీక్షలు మాత్రం నడుస్తున్నాయి. దీని మీద హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. శుక్రవారం 20న ధర్మాసనం ఏం చెప్పిందంటే, శనివారం పేపర్ ఎలాగూ దగ్గరికొచ్చింది కాబట్టి అది జరగనివ్వండి, సోమవారం 23 నుంచి ఉన్నవి వాయిదా వేయండి. అట్లా తెలుగు రెండు పేపర్లు, ఇంగ్లీష్ మొదటి పేపర్ అయ్యాయి, ఎనిమిది మిగిలాయి. ఆదివారం జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్.

తర్వాత పరీక్షలు పెట్టుకుంటామని సర్కారే కోర్టును అడిగింది. మే 19న కోర్టు షరతులతో సరేనంది: దూరం పాటించాలి, మాస్కులు, శానిటైజర్లు, జూన్ మొదటివారంలో పరిస్థితి మళ్లీ చూసి రిపోర్టు ఇవ్వాలి. జూన్ 8 నుంచి జూలై 5 దాకా కొత్త టైమ్‌టేబుల్ వచ్చింది, పేపర్‌కీ పేపర్‌కీ మధ్య రెండేసి రోజుల గ్యాప్‌తో. సెంటర్లు 4,535కు పెంచారు.

జూన్ 6, శనివారం. అసలు మలుపు ఇదే. జీహెచ్ఎంసీ, అంటే హైదరాబాద్ నగర కార్పొరేషన్ పరిధిలో కేసులు పెరుగుతున్నాయి కాబట్టి అక్కడ వద్దు, మిగతా జిల్లాల్లో పెట్టుకోవచ్చు, నగరం పిల్లలు సప్లిమెంటరీలో రాస్తే వాళ్లను రెగ్యులర్‌గానే లెక్కించండి అని కోర్టు అంది. ఆ రాత్రికే సర్కారు రాష్ట్రమంతా వాయిదా వేసింది. 8న ప్రగతి భవన్‌లో ముఖ్యమంత్రి సమీక్ష, పరీక్షలు రద్దు, అందరూ పాస్.

అంటే కోర్టు ఒకసారి అంతటా ఆపింది, ఒకసారి ఒక్క నగరంలో ఆపింది. రద్దు నిర్ణయం సర్కారుది.

మలక్‌పేట_నాన్న

ఈ పోస్టు స్క్రీన్‌షాట్ తీసి ఇప్పుడే బావమరిదికి పంపాను. బ్లూ టిక్ పడింది, జవాబు లేదు 😀

రామంతాపూర్_రాణి

నల్లకోటు గారూ, చాలా బాగా చెప్పారు కానీ ఒక ప్రశ్న. జిల్లాల్లో పెట్టుకోమని కోర్టు చెప్పినా సర్కారు ఎందుకు పెట్టలేదు? ఊళ్లల్లో అప్పటికి కేసులు తక్కువే కదా. కరీంనగర్‌లోనో, ఖమ్మంలోనో పిల్లలు రాసి ఉంటే వాళ్ల మార్కులు వాళ్లకు వచ్చేవి. సిటీ వాళ్ల కోసం వాళ్లను ఆపినట్టు కాలేదా?

చాక్‌పీస్

దీనికి నేను చెప్తాను మేడమ్, రంగారెడ్డి జిల్లాలో జెడ్పీ హైస్కూల్ టీచర్‌ని, ఆ మార్చిలో ఇన్విజిలేషన్ చేశాను, జూన్‌లో సెంటర్ సిద్ధం చేసినవాళ్లలో కూడా ఉన్నాను.

కోర్టు కాగితం మీద జీహెచ్ఎంసీ అని గీత గీయడం తేలికే. నేల మీద ఆ గీత ఎక్కడుంది? ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డెక్కితే పీర్జాదిగూడ, బోడుప్పల్. అప్పటికి అవి జీహెచ్ఎంసీలో లేవు, వేరే కార్పొరేషన్లు. పిల్ల ఉండేది రామంతాపూర్‌లో, చదివే బడి బోడుప్పల్‌లో అనుకోండి. ఇల్లు చూసి ఆపాలా, బడి చూసి రాయించాలా? ఒకే బడి నుంచి సగం మందికి జూన్‌లో పరీక్ష, సగం మందికి ఎప్పుడో తర్వాత. ఇన్విజిలేటర్లదీ ఇదే సంగతి, సగం మంది స్టాఫ్ సిటీలో ఉండి రోజూ బయటి మండలాలకు వెళ్లేవాళ్లే. పిల్లలను ఆపితే సరిపోతుందా, సార్లు వైరస్ మోసుకురారా?

అదొకటి. రెండోది పేపర్. జూన్‌లో రాసినవాళ్లకు ఒక సెట్, సప్లిమెంటరీలో రాసేవాళ్లకు ఇంకో సెట్. ఒక మ్యాథ్స్ పేపర్ కష్టంగా వచ్చిందనుకోండి, అప్పుడు పడేది అసలైన కేసు. ఇంటర్ అడ్మిషన్లు ఎవరికి ముందు, ఎవరికి వెనుక?

ఆ జూన్ మొదటివారం మా బడిలో టేపు పట్టుకుని బెంచీకీ బెంచీకీ మధ్య దూరం కొలిచాం. మామూలుగా గదికి ఎంతమంది పట్టేవాళ్లో అందులో సగం మంది కూడా కూర్చోలేకపోయారు. పక్కనున్న ప్రైమరీ స్కూల్‌ను కూడా సెంటర్ కింద తీసుకుంటే అక్కడ బెంచీలు రెండో తరగతి పిల్లలవి, టెన్త్ పిల్లాడు కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. ఎక్కడెక్కడి నుంచో బెంచీలు ట్రాలీ ఆటోలో తెప్పించాం. శనివారం సాయంత్రం గోడ మీద హాల్‌టికెట్ నంబర్లు అంటించాం, రాత్రి వాయిదా అని మెసేజ్ వచ్చింది.

రామంతాపూర్_రాణి

సార్, మీరు చెప్పిన కష్టాలన్నీ నిజమే. కానీ కర్ణాటక పెట్టింది కదా. జూన్ 25 నుంచి ఎస్ఎస్ఎల్‌సీ, అంటే వాళ్ల టెన్త్, నడిపారు, 8 లక్షల మందికి పైగా. కంటైన్‌మెంట్ జోన్‌లో ఉండి రాయలేకపోయిన పిల్లలను సప్లిమెంటరీలో రాయనిచ్చి, దాన్నే మొదటి అటెంప్ట్‌గా లెక్కించారు. మన హైకోర్టు చెప్పింది కూడా అట్లాంటిదే. కేరళ అయితే మే చివరి వారంలోనే పూర్తి చేసేసింది. వీలుకాదు అనడం వేరు, చేయకూడదు అనుకోవడం వేరు.

సైబర్_సుబ్బడు

తమిళనాడు మన తర్వాత రోజే రద్దు చేసింది, అది కూడా చెప్పండి మేడమ్. క్వార్టర్లీ, హాఫ్ ఇయర్లీ మార్కుల నుంచి 80 శాతం, హాజరు నుంచి 20 శాతం. హాజరుకు మార్కులంటే మా బ్యాచ్‌లో ఒక్కడూ గట్టెక్కేవాడు కాదు.

నల్లకోటు

రాణి గారి మాటలో న్యాయం ఉంది. ఒక్కటి గమనించాలి, జూన్ 6న కోర్టు ముందున్న ప్రశ్న "నగరంలో పరీక్ష పెడితే పిల్లల ప్రాణాలకు ముప్పా కాదా" అన్నదే. రాజ్యాంగం 21వ అధికరణం, అంటే జీవించే హక్కు. ఆ ప్రశ్న వచ్చినప్పుడు ఏ జడ్జి అయినా జాగ్రత్త వైపే మొగ్గుతాడు. పరీక్ష లేకపోతే ఎవరికి నష్టం అన్నది 14వ అధికరణం, సమానత్వం ప్రశ్న. అది ఆ రోజు బల్ల మీదికి రాలేదు, ఎందుకంటే అప్పటికి ఇంకా ఎవరూ రద్దు చేయలేదు. రద్దు చేశాక కేసు మొదలుపెట్టిన ఉద్దేశం నెరవేరినట్టే అయింది.

సర్కారు సుప్రీంకోర్టుకు ఎందుకు వెళ్లలేదని కూడా అడుగుతారు. శనివారం ఆర్డరు, సోమవారం పరీక్ష. మధ్యలో ఆదివారం.

బ్యాచ్_2020

హాయ్ అందరికీ. నా పేరులోనే ఉంది నేనెవరో. అన్నలు, అంకుల్స్ కోర్టు గురించి మాట్లాడుతున్నారు కాబట్టి మా బ్యాచ్‌కి తర్వాత ఏమైందో కూడా చెప్తా, ఎందుకంటే ఎవరూ రెండో సగం చెప్పరు.

టెన్త్ రద్దు. జూన్ 22న రిజల్ట్స్, 100 శాతం పాస్. ఇంటర్ ఫస్టియర్ మొత్తం ఆన్‌లైన్, ఇంట్లో ఒకటే ఫోన్, నాన్న డ్యూటీకి వెళ్లేటప్పుడు తీసుకెళ్తే ఆ రోజు క్లాస్ లేనట్టే. 2021 ఏప్రిల్‌లో ఫస్టియర్ పరీక్షలు లేకుండా సెకండియర్‌కి ప్రమోట్ చేశారు. హమ్మయ్య అనుకున్నాం. అప్పుడేమో, పరిస్థితి బాగుపడ్డాక ఫస్టియర్ పరీక్ష పెడతామని చెప్పి, సెకండియర్ సిలబస్ నడుస్తుండగా అక్టోబర్ 25 నుంచి ఫస్టియర్ పరీక్షలు పెట్టారు. తల్లిదండ్రుల తరఫున హైకోర్టుకి వెళ్లారు, ఆపడానికి కోర్టు ఒప్పుకోలేదు. రాశాం. డిసెంబర్ 16న రిజల్ట్. 4.59 లక్షల మంది రాస్తే 49 శాతం పాస్.

టెన్త్‌లో అందరూ పాస్, అదే పిల్లలు ఏడాదిన్నర తర్వాత సగానికి సగం ఫెయిల్. నాంపల్లిలో ధర్నాలు జరిగాయి. కొందరు పిల్లలు ప్రాణాలు కూడా తీసుకున్నారు, అది రాయడానికి ఇప్పటికీ చేయి ఆడదు. డిసెంబర్ 24న అప్పటి విద్యామంత్రి సబితా ఇంద్రారెడ్డి మేడమ్ ప్రెస్‌మీట్ పెట్టి ఫెయిలైన అందరికీ 35 మార్కులు వేసి పాస్ చేస్తున్నామన్నారు. నాకు రెండు సబ్జెక్టులకు 35 అట్లానే వచ్చింది.

మేం మొదటి పూర్తి బోర్డు పరీక్ష అన్ని పేపర్లూ రాసింది ఇంటర్‌లోనే. ఆన్సర్ షీట్‌లో ఏ భాగం ఎక్కడ రాయాలో కూడా తెలీదు కొంతమందికి. మా కాలేజీ (పేరొద్దు) ఆన్‌లైన్ క్లాసుల పేరుతో పాత వీడియోలు పెట్టి ఫీజు మాత్రం మొత్తం వసూలు చేసింది.

చాక్‌పీస్

బాబూ, నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లిన నా స్నేహితుడు ఇంటర్ లెక్చరర్, ఖాళీ పేజీలు ఎక్కువున్న పేపర్లు అన్నేసి ఎప్పుడూ చూడలేదన్నాడు.

కూకట్‌పల్లి_కోనసీమ

మా ఆంధ్ర కథ కూడా ఇక్కడ పడాల్సిందే. నేనుండేది కేపీహెచ్‌బీలో అయినా అన్నయ్య పిల్లలు అమలాపురంలో చదివేవారు, అందుకని రోజూ చూసేవాణ్ణి. 2020లో ఏపీ కూడా టెన్త్ రద్దు చేసింది, జూన్ 20న. కానీ 2021లో దేశమంతా రద్దు చేస్తుంటే మావాళ్లు మాత్రం ఇంటర్, టెన్త్ పెట్టి తీరతామని కూర్చున్నారు. సీబీఎస్ఈ ఏప్రిల్ 14న టెన్త్, జూన్ 1న పన్నెండో తరగతి రద్దు చేసేసింది. తెలంగాణ ఏప్రిల్ 15న టెన్త్, జూన్‌లో ఇంటర్ సెకండియర్. ఏపీ ఒక్కటే జూలై చివర్లో పరీక్షలని సుప్రీంకోర్టుకి అఫిడవిట్ ఇచ్చింది.

జస్టిస్ ఖన్విల్కర్ బెంచ్ అడిగిన ప్రశ్నలు నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఆయన అడిగింది రాజ్యాంగం గురించి కాదు, గదుల గురించి. గదికి 15 నుంచి 18 మంది అంటున్నారు, 5 లక్షల పైచిలుకు పిల్లలున్నారు, 15 చొప్పున వేసుకుంటే 34 వేలకు పైగా గదులు కావాలి, ఉన్నాయా? అన్ని గదులకు మనుషులున్నారా? గాలి వెలుతురు సంగతేంటి? పేపర్లు ఎప్పుడు దిద్దుతారు, రిజల్ట్ ఎప్పుడిస్తారు? ఒక్క ప్రాణం పోయినా రాష్ట్రమే బాధ్యత, కోటి రూపాయల దాకా పరిహారం కట్టాల్సి రావచ్చు అన్నారు. జూన్ 24న వాదనలు, ఆ సాయంత్రమే అప్పటి ఏపీ విద్యామంత్రి ఆదిమూలపు సురేష్ టీవీలో రద్దు అన్నారు.

ఇక్కడ కూడా చూడండి, కోర్టు "రద్దు చెయ్" అనలేదు. లెక్క అడిగింది, వీళ్ల దగ్గర లెక్క లేదు.

నల్లకోటు

కరెక్ట్. ఆ జడ్జి గారు పరీక్షలంటేనే వ్యతిరేకి అనుకోకండి. 2021 సెప్టెంబర్‌లో కేరళ ప్లస్ వన్ (పదకొండో తరగతి) పరీక్షలు మొదట ఆపి, ప్రభుత్వం ఏర్పాట్ల వివరాలతో వచ్చాక అనుమతించింది కూడా ఆయన బెంచే. ఏపీ దగ్గర లేనిదీ కేరళ దగ్గర ఉన్నదీ ఏర్పాట్ల వివరమే.

పై చదువుల దగ్గరికొస్తే కోర్టు గొంతు ఇంకా మారిపోయింది. 2020 ఆగస్టు 17న నీట్, జేఈఈ వాయిదా అడిగితే జస్టిస్ అరుణ్ మిశ్రా బెంచ్ కొట్టేసింది, పిల్లల విలువైన ఏడాది పోగొడతారా అని. జేఈఈ సెప్టెంబర్ మొదటివారంలో, నీట్ 13న అయిపోయాయి. ఆగస్టు 28న డిగ్రీ ఫైనలియర్ కేసులో జస్టిస్ అశోక్ భూషణ్, మన తెలంగాణ నుంచే వెళ్లిన జస్టిస్ సుభాష్ రెడ్డి, జస్టిస్ ఎం.ఆర్. షా బెంచ్ ఇంకా స్పష్టంగా చెప్పింది. విపత్తు నిర్వహణ చట్టం కింద రాష్ట్రం పరీక్షను వాయిదా వేయొచ్చు, గడువు చాలకపోతే యూజీసీని అడగొచ్చు, కానీ పరీక్ష లేకుండా పట్టా ఇచ్చే అధికారం మాత్రం రాష్ట్రానికి లేదు.

నన్నడిగితే ఈ మొత్తం గొడవలో అన్నిటికంటే పనికొచ్చే తీర్పు అదే. వాయిదా ఒక అధికారం, రద్దు చేసి పాస్ చేయడం ఇంకో అధికారం. రెండూ ఒకటి కావు. టెన్త్‌లో బోర్డు రాష్ట్రం చేతిలోదే కాబట్టి రెండు అధికారాలూ సర్కారుకే ఉన్నాయి, అందుకే జూన్ 8న ఒక్క సమీక్షలో తేలిపోయింది.

మలక్‌పేట_నాన్న

నా రెండో డౌటు అట్లానే ఉండిపోయింది. గ్రేడ్ల సంగతి.

రామంతాపూర్_రాణి

అది నేను చెప్తాను, ఎందుకంటే అప్పట్లో నేను ఒక ప్రైవేట్ స్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. పేరు చెప్పను.

ఎఫ్ఏ అంటే ఫార్మేటివ్ అసెస్‌మెంట్. ఏడాదికి నాలుగు. ఒక్కోటి 20 మార్కులు: క్లాసులో పాల్గొన్నందుకు 5, రాతపనికి 5, ప్రాజెక్టుకు 5, స్లిప్ టెస్టుకు 5. నాలుగింటి సగటు 20కి, పబ్లిక్ పరీక్ష 80కి, కలిపి 100. 2020లో 80 లేకుండా పోయింది కాబట్టి ఆ 20ని ఐదుతో గుణించి గ్రేడ్ ఇచ్చారు. చూడ్డానికి ఎంత సింపుల్‌గా ఉందో కదా.

ఇప్పుడు అసలు సంగతి. మా స్కూల్లో ఎవరికైనా 20కి 17 వేస్తే ప్రిన్సిపాల్ గదిలోంచి పిలుపొచ్చేది. "మేడమ్, పక్క స్కూల్లో అందరికీ 20 వేస్తున్నారు, మన పిల్లల జీపీఏ మీరే తగ్గిస్తారా?" అనేవారు. ఫిబ్రవరిలో కూర్చుని పిల్లలకు ప్రాజెక్టులు డిక్టేట్ చేసిన రోజులున్నాయి, ఒకటే మూసీ నది ప్రాజెక్టు, అందరి పుస్తకాల్లో అదే బొమ్మ, అవే వాక్యాలు, చేతిరాత మాత్రం వేరు. తనిఖీ టీమ్ వచ్చేది, రికార్డులు ఉన్నాయా లేదా అని చూసేది, చాయ్ తాగి వెళ్లేది. 80 మార్కుల పరీక్ష ఉన్నన్నాళ్లూ ఈ నాటకం పెద్దగా ఎవరికీ నొప్పి కలిగించలేదు.

గవర్నమెంట్ స్కూల్లో సార్ నిజాయతీగా 14 వేశాడనుకోండి. ఆ పిల్ల పబ్లిక్‌లో 80కి 77 తెచ్చుకుంటే మొత్తం 91, ఏ1, పది పాయింట్లు. పరీక్ష లేదు, గుణిస్తే 70, బీ2, ఏడు పాయింట్లు. మా దగ్గర 19 వేయించుకున్న పిల్లాడు పబ్లిక్‌లో 80కి 50 తెచ్చుకునే రకమైతే 69, బీ2. గుణిస్తే 95, ఏ1. తలకిందులు! వాయిదా వల్ల ఎవరికీ పెద్దగా పోయింది లేదు, ఈ గుణకారం వల్ల పోయింది.

2020లో 1.4 లక్షల మందికి పైగా 10 జీపీఏ. 2021లో కరోనా వల్ల ఒక్క ఎఫ్ఏ1 మాత్రమే జరిగింది, దాన్నే గుణించారు, 5.21 లక్షల మందిలో 2.10 లక్షల మందికి 10 జీపీఏ.

చాక్‌పీస్

ఆ 14 వేసిన సార్లలో నేనూ ఒకణ్ణి. నిజంగా 14 పనిచేసిన పిల్లలకు 14 వేశాను. రిజల్ట్ రోజు ఒక పిల్ల తండ్రి, మేస్త్రీ పని చేస్తాడు, ఫోన్ చేసి "సార్, మీరు ఇంకో నాలుగు వేస్తే ఏం పోయేది" అని అడిగాడు. కోపంగా కూడా అడగలేదు. ఏం చెప్పాలి? మార్కులు వేసే నాడు అవే చివరి మార్కులు అవుతాయని ఎవరికి తెలుసు? నిబంధన ప్రకారం వేసినవి, ఇప్పుడు అడిగినా అవే వేస్తాను, అది వేరే సంగతి.

బాసర ట్రిపుల్ ఐటీ తెలుసు కదా. అప్పట్లో అక్కడ సీటు టెన్త్ జీపీఏ మీదే. గవర్నమెంట్ బడి పిల్లలకు 0.4 కలిపేవారు, ఊరి పిల్లలకు దారి దొరకాలని. 2021లో ఇంతమంది పదికి పది వచ్చేసరికి ఆ పద్ధతి పనిచేయలేదు, పాలిసెట్ ర్యాంకు చూసి సీట్లిచ్చారు. పరీక్ష ప్రమాదమని ఒక పరీక్ష రద్దు చేసి, సీటు కోసం మళ్లీ ఇంకో పరీక్ష రాయించారన్నమాట.

సైబర్_సుబ్బడు

ఏదైతేనేం పరీక్ష మాత్రం తప్పలేదు 🙏

కూకట్‌పల్లి_కోనసీమ

రాణి గారూ, మీ లెక్క చదివాక అర్థమైంది, సీబీఎస్ఈ వాళ్లు 2021లో పన్నెండో తరగతికి 30:30:40 అని ఎందుకు పెట్టారో. పదో తరగతి నుంచి 30, పదకొండు నుంచి 30, పన్నెండులో జరిగిన పరీక్షల నుంచి 40. పదో తరగతి మార్కులు బోర్డు పరీక్షవి, స్కూల్ చేతిలో లేనివి. పైగా స్కూల్ ఇచ్చే మార్కులు ఆ స్కూల్ పాత రిజల్ట్స్‌కి మించి ఎగరకుండా కట్టడి పెట్టారు.

నల్లకోటు

అవును, ఆ ఫార్ములాను 2021 జూన్‌లో సుప్రీంకోర్టు చూసి ఒప్పుకుంది. నచ్చనివాళ్లకు తర్వాత పరీక్ష రాసుకునే అవకాశం కూడా అందులో ఉంది. ఇదే మలక్‌పేట గారి ప్రశ్నకు జవాబు. సీబీఎస్ఈ దగ్గర మార్కుల ఫార్ములాయే కోర్టు ముందు వాదన అయింది. మన దగ్గర వాదన అంతా హాల్ గురించి, మాస్క్ గురించి, బెంచీల దూరం గురించి. ఫార్ములా మాత్రం పెద్దగా చర్చ లేకుండా వచ్చింది. అదీగాక గ్రేడ్ల మీద కోర్టుకెళ్లాలంటే నష్టపోయానని చెప్పే మనిషి కావాలి. ఎక్కువ గ్రేడ్ వచ్చినవాడు రాడు. తక్కువ వచ్చిన పిల్ల తండ్రి మేస్త్రీ. వచ్చినా, "ఎలా మూల్యాంకనం చేయాలన్నది నిపుణుల విధాన నిర్ణయం" అని కోర్టులు చాలాసార్లు పక్కన పెడతాయి. పక్క స్కూల్ ఉత్తుత్తి మార్కులు వేసిందని ఆ పిల్ల ఏ కాగితంతో నిరూపిస్తుంది? రికార్డులన్నీ పక్కాగా ఉంటాయి, రాణి గారు చెప్పారు కదా.

బ్యాచ్_2020

ఇది చదువుతుంటే ఒళ్లు మండుతోంది. మా క్లాస్‌లో ఫస్ట్ వచ్చేవాడు, గవర్నమెంట్ స్కూలే, వాడికి 8.3 వచ్చింది. మాకేమో "ఉచితంగా పాసైన బ్యాచ్" అని పేరు. ఇంటర్వ్యూలో కూడా ఒకాయన మెమో తిప్పి చూసి "ఓ, కరోనా బ్యాచా" అని నవ్వాడు. పెట్టొద్దని మేం అడిగామా? నా ఫ్రెండ్స్‌లో సగం మంది పెట్టేయండి, ఒక పని అయిపోతుంది అన్నవాళ్లే. మూడు నెలలు అవే ఎనిమిది పేపర్లు తిరగేశాం, రోజూ ఒక కొత్త తేదీ, రోజూ టీవీ ముందు.

రామంతాపూర్_రాణి

ఆ మూడు నెలల సంగతి ఎవరూ రాయరు బాబూ. మా అపార్ట్‌మెంట్‌లో ఒక పాప ఫిజికల్ సైన్స్ పుస్తకం అట్ట ఊడిపోయేదాకా చదివింది.

కూకట్‌పల్లి_కోనసీమ

కానీ ఒక మాట. ఇవాళ మనం కూర్చుని 14, 19 అని లెక్కలు వేస్తున్నాం గానీ, 2020 జూన్‌లో గాంధీ ఆస్పత్రి వార్తలు చూస్తూ పిల్లను సెంటర్‌కి పంపమంటే నేను పంపేవాణ్ణి కాదు. ఆ భయం అబద్ధం కాదు. కర్ణాటకలో రాసిన పిల్లల్లో కొందరికి పాజిటివ్ వచ్చింది కూడా.

రామంతాపూర్_రాణి

పంపొద్దనే నేనూ అంటాను అన్నయ్యా. జూన్‌లో పంపొద్దు. సెప్టెంబర్‌లో నీట్ రాయించారు, ఎంసెట్ రాయించారు, అదే హైదరాబాద్‌లో, అవే మాస్కులతో. టెన్త్ కూడా అప్పుడు పెట్టొచ్చు కదా, ఇంటర్ ఫస్టియర్ ఎలాగూ ఆన్‌లైనే, ఆలస్యమైతే కొంప మునిగేది ఏముంది? వాయిదాను రద్దు దాకా లాగింది అడ్మిషన్ల తొందరే అని నా అనుమానం. కాలేజీల ఫీజులు ఆగవు కదా.

చాక్‌పీస్

సెప్టెంబర్‌లో నీట్ రాసింది రాష్ట్రంలో కొన్ని వేల మంది మేడమ్. టెన్త్ 5.34 లక్షలు, ఎనిమిది రోజులు, హాస్టళ్లు మూసి ఉన్నాయి, గిరిజన గురుకులాల పిల్లలు ఊళ్లల్లో ఉన్నారు, బస్సులు అంతంతమాత్రం. ఆదిలాబాద్ ఏజెన్సీ నుంచి పిల్లను సెంటర్‌కి ఎవరు తీసుకురావాలి? మీరు సిటీ కళ్లతో చూస్తున్నారు.

రామంతాపూర్_రాణి

సార్, ఏజెన్సీ పిల్లలాంటి గవర్నమెంట్ బడి పిల్లలకే ఆ గుణకారంలో నష్టం జరిగిందని పైన మీ మాటలే చెప్తున్నాయి కదా. దీని మీద మనిద్దరికీ కుదరదు లెండి.

మోడరేటర్

చర్చ బాగుంది, ఇలాగే మర్యాదగా కొనసాగించండి. ఒక సభ్యుడు పార్టీల మీద పెట్టిన రెండు కామెంట్లు తీసేశాం. స్కూళ్ల పేర్లు ఎవరూ రాయకండి.

మలక్‌పేట_నాన్న

అందరికీ దండాలు. బావమరిది ఇప్పుడు రిప్లై ఇచ్చాడు, "సరే కానీ కోర్టు ఆపకపోతే సర్కారు రద్దు చేసేదా?" అంట. ఓడిపోయాడని ఒప్పుకోడు, అది వదిలేయండి. మా అమ్మాయి మెమో తీసి చూశాను, 9.7. ప్రైవేట్ స్కూలే. దానికి 9.7 ఎట్లా వచ్చిందో ఇవాళ తెలిసింది, దానికి మాత్రం చెప్పను.

చాక్‌పీస్ సార్, చిన్నోడి సంగతి చెప్పండి. ఈ ఇంటర్నల్ 20 మార్కులు తీసేశారా, ఉన్నాయా? ఒకరు ఒకటి చెప్తున్నారు.

చాక్‌పీస్

2024 నవంబర్‌లో తీసేస్తున్నామని ప్రకటించి, ఏడాది మధ్యలో మార్పేంటని గోల వచ్చేసరికి ఆ ఏడాదికి ఆ నిర్ణయాన్ని ఆపారు. మీవాడి ఏడాదికి ఏది వర్తిస్తుందో వాట్సాప్‌లో వెతక్కండి, హెడ్‌మాస్టర్‌ను అడిగి సర్క్యులర్ చూపించమనండి. ఇంటర్నల్స్ ఉన్నాయంటే మాత్రం ప్రాజెక్టులు వాడితోనే రాయించండి, నోట్‌బుక్స్ జాగ్రత్తగా దాచండి, ప్రతి ఎఫ్ఏకి ఎన్ని పడ్డాయో అడిగి రాసిపెట్టుకోండి. సంవత్సరం చివర్లో అడిగితే ఎవరూ చెప్పరు.

సైబర్_సుబ్బడు

మూసీ ప్రాజెక్టు కావాలంటే రాణి మేడమ్ దగ్గర రెడీగా ఉంటుంది 😀

రామంతాపూర్_రాణి

ఉంది. బొమ్మ మాత్రం వాణ్ణే గీసుకోమనండి.